విడిది, విందు, వింతలు: తెలుగువారి చెన్నపట్టణ యాత్ర

పట్టణము చూడబోవువారు నేడు మూడు విషయములను ముందుగ విచారింతురు. ఎచట దిగవలెను, ఏమేమి చూడవలెను, ఏమి తినవలెను. ఈ మూడవది మనకు వినోదముగ మారినది. ఫలానా హోటలులో దోసె బాగుండునట, ఫలానా వీధిలో భోజనము బాగుండునట అని ప్రయాణమునకు పది దినములు ముందే పట్టిక వ్రాసికొందుము. మన తాతముత్తాతలకు మాత్రము ఈ మూడవ విషయమే గడ్డుసమస్య. తెలుగువారి చెన్నపట్టణ ప్రయాణముల చరిత్రను తిరుగవేసి చూచినచో, అచటి వింతలు అందరికిని తలుపులు తెరచియుండగా అన్నము పెట్టు చోటులు చాలకాలము కులమడిగి తలుపు తీసినట్లు తెలియును. ఆ సంగతినే యిచట కొంత చెప్పుకొందము.

చెన్నై యను పేరు 1996లో అధికారికమైనను, మన యిండ్లలో పెద్దలు ఇప్పటికిని మద్రాసనియే అందురు. వారి పెద్దలు చెన్నపట్టణ మనిరి. ఆ పేరుతో మనకు చుట్టరికము కలదు. 1639లో ఈస్టిండియా కంపెనీవారికి సముద్రతీరమున కోట కట్టుకొనుటకు అనుమతి నిచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణము వెలసినదని చరిత్రకారులు చెప్పుదురు.

పూర్వము ప్రయాణమునకు ఎట్టి యేర్పాట్లు కావలసియుండెడివో తెలిసికొనుటకు, ఈ యూరికి వచ్చినవాని కంటె ఈ యూరినుండి బయలుదేరినవాని పుస్తకమే మనకు మేలైన సాక్ష్యము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్ప్రిటరుగ నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. ఆయన తన దినచర్యలో మజిలీ మజిలీకి వ్రాసిన దేమి? ఊరెంత దూరము, దిగుటకు చోటున్నదా, నీళ్లు మంచివా, అంగళ్లలో సామానులు దొరకునా. క్షేత్రమహిమల నడుమ ఈ నూతుల లెక్కయు అంగళ్ల లెక్కయు విసుగు లేక సాగును. ఆయన పోయిన తరువాత 1838లో అచ్చుపడిన ఆ గ్రంథమును మనము యాత్రాసాహిత్యముగ చదువుచున్నాము గాని, వెనుక రాబోవు బాటసారికి అది ఉపయోగపడు కరదీపిక. వంటవారు, సామానులు, గుడారములు వెంట నుండగనే ఆయనకీ విచారము తప్పలేదు. ఇవి యేవియు లేని సామాన్యునకు ఊరు విడుచుట యనగా ఎంత సాహసమో ఊహించుకొనవచ్చును.

అట్టి సామాన్యునకు చెన్నపట్టణమున దిక్కు సత్రము. దొరలు సత్రమును చౌల్ట్రీ అనిరి. అది మన చావడి యను మాటయే, వారి నోట నలిగి అట్లయినది. తొలినాళ్లలో నల్లవారి పట్టణమున తగవులు తీర్చిన కచేరికిని చౌల్ట్రీ కోర్టనియే పేరు. తీర్పును విడిదియు ఒకే పేరితో నుండుట విచిత్రమే. తెలుగు వర్తకులు తంగసాల వీధిని, గోవిందప్పనాయకుని వీధిని, కొత్వాలు చావడి చుట్టుపట్ల నివసించిరి. ఆ కొత్వాలు చావడి కూరగాయల బజారు శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారిది. 1996లో కూరగాయల టోకు వ్యాపారము కోయంబేటికి తరలిపోవువరకు ఊరంతటికిని కూరలు అచటినుండియే పోయెడివి. బంధువులున్నవారు బంధువుల యింట, లేనివారు తమ కులమువారి సత్రమున దిగెడివారు. సత్రమునకు పోయిన వెంటనే అడుగు ప్రశ్న, “మీరెవరు?” అని. పేరు చెప్పిన చాలదు.

కులమడుగక పెట్టిన తిండియు నొకటి కలదు. అది కరవు గంజి. 1782లో హైదరాలీ యుద్ధముల నాటి కరవులో పేదలకు గంజి పోయుటకు పుట్టినది మణియగారు సత్రము. ఆ పరిసరముననే పెరిగి నేడు స్టాన్లీ ఆసుపత్రిగ ప్రసిద్ధమైన దానిని ఊరివారు చాలకాలము గంజితొట్టి ఆసుపత్రి యనిరి. 1833 నాటి గుంటూరు కరవులో మన జిల్లాలవారెందరో చెన్నపట్టణపు దారి పట్టిరి. వారికి అన్నము పెట్టించినవారిలో కాశీ చూచివచ్చిన వీరాస్వామయ్యగారొకరు. మన జనులు గుంపులుగ ఆ పట్టణమునకు చేసిన తొలి ప్రయాణములు వినోదయాత్రలు కావని గుర్తుంచుకొనుట మంచిది.

మార్గముల మాటకు వత్తము. రైలు రాకముందు, వచ్చిన తరువాతను కొంతకాలము, మన కోస్తావారికి ముఖ్యమైన బాట కాలువ. 1806లో చెన్నపట్టణమునుండి ఎన్నూరు వైపు త్రవ్వుట మొదలైన ఉప్పుకాలువ క్రమముగ ఉత్తరమునకు సాగి, పెదగంజాము కడ కృష్ణానది కొమ్మమూరు కాలువతో కలిసెను. అచటినుండి చెన్నపట్టణమునకు సుమారు 200 మైళ్లు. కృష్ణా గోదావరి కాలువల మూలమున కాకినాడలో పడవ యెక్కినవాడు సముద్రమున అడుగిడకయే చెన్నపట్టణపు బేసిన్ బ్రిడ్జి కడ దిగవచ్చును. గాలి యున్నచో తెరచాప, లేనిచో గట్టున నడచుచు త్రాడు లాగు మనుష్యులు. వంట పడవలోనే. పడవవాడు ఆపినచోట ఒడ్డున మూడురాళ్లు పెట్టి అన్నము వండుకొనుట.

ఆ కాలువకు బకింగుహామను గవర్నరు పేరు వచ్చిన వృత్తాంతము సంతోషకరమైనది కాదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ధాతుకరవులో, తిండి లేనివారికి పని కల్పింపవలెనని పట్టణమధ్యమున కూవము నదికిని అడయారు నదికిని నడుమ సుమారు 5 మైళ్ల కాలువను త్రవ్వించిరి. దానితో ఉత్తరపు కాలువయు దక్షిణపు కాలువయు ఒకటాయెను. ఎముకలు తేలిన చేతులు పిడికెడు గింజలకై త్రవ్విన ఆ నీటిబాట వెంబడి, మరి కొన్ని యేండ్లకు మనవారు పెండ్లి చీరలు కొనుటకును సముద్రము చూచుటకును పడవలలో పోయిరి. ఇపుడా గట్టుల వెంబడి స్తంభములపై పట్టణపు రైలు పోవుచున్నది.

రైలు సంగతి క్లుప్తముగ చెప్పెదము. దక్షిణదేశపు తొలి రైలు 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజా రోడ్డునకు నడచెను. సెంట్రలు స్టేషను 1873లో వెలసెను. బెజవాడ చెన్నపట్టణముల నడుమ నేరుగ మార్గము 1899లో ఏర్పడెను. కాలువపై దినముల తరబడి పట్టిన ప్రయాణము ఒక రాత్రి ప్రయాణమయ్యెను. దానితో చెన్నపట్టణము చూచుట యనునది కలవారికే గాక కొంచెము కూడబెట్టుకొన్న రైతుకును అందుబాటులోనికి వచ్చెను.

సెంట్రలులో దిగిన పల్లెటూరివానికి దైవమే ఏర్పాటు చేసినట్లు వింతలన్నియు కాలినడకన అందుచోట నుండెడివి. పక్కనే పీపుల్సు పార్కు, అందులో జంతుశాల. ఆనుకొని 1900లో తెరచిన మూరు మార్కెట్టు. పాతపుస్తకము మొదలు పక్షి పంజరము వరకు అచట దొరకని వస్తువు లేదనెడివారు. ఎదుట పెద్దాసుపత్రి. కొంచెము దూరమున 1913లో పూర్తియైన మునిసిపాలిటీవారి తెల్లని రిప్పన్ భవనము. 1895లోనే గుఱ్ఱము లేక నడచు విద్యుత్తు ట్రాము ఆ వీధులలో తిరిగెను. దానినెక్కుటయే యొక వింత. 1953 ఏప్రిలులో ఆ ట్రాములు ఆగిపోయినవి. హైకోర్టు శిఖరముపై 1894 మొదలు వెలిగిన ఓడల దీపమును చూపి, “మన వ్యాజ్యము అక్కడనే యున్నది” అని పిల్లలకు చెప్పిన తండ్రులు ఎందరో!

అన్నిటికంటె గొప్ప ఆకర్షణలు రెండు: చచ్చిన కాలేజీ, బ్రతికిన కాలేజీ. తమిళులు సెత్త కాలేజీ, ఉయిర్ కాలేజీ యనిరి. చచ్చిన కాలేజీ యనగా ప్రదర్శనశాల, అనగా మ్యూజియము. బ్రతికిన కాలేజీ యనగా జంతుశాల. పల్లెటూరివారి అమాయకపు మాటయని చదువుకొన్నవారు దీనిని చెప్పుకొని నవ్వుచుందురు. నవ్వవలసినది లేదు. ఆ మాటలో ఖచ్చితమైన చరిత్ర యున్నది. 1812లో కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై ఎల్లిసు దొర ప్రోద్బలముతో సెంటుజార్జి కోట కళాశాల యేర్పడెను. పట్టాభిరామశాస్త్రిగారు, రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారు వంటి తెలుగు పండితులు అందు పనిచేసిరి. బ్రౌను దొర తెలుగు మొదలు పెట్టినది అచటనే. 1851లో ప్రదర్శనశాలను స్థాపించినపుడు దానిని ఆ కాలేజీ మేడమీదనే పెట్టిరి. జనులు కాలేజీకి పోయి చచ్చిన పక్షులను, రాళ్లను చూచి వచ్చిరి. 1854లో ప్రదర్శనశాల ఎగ్మూరులోని పాంథియను భవనమునకు మారినను, కాలేజీ యను పేరు దానివెంట నడచెను. దాని అధికారియైన బాల్ఫరు దొర ప్రాణముతో నున్న జంతువులను తెచ్చి పెట్టగా జనులు విరగబడి వచ్చిరి. 1855లో ఆరంభమైన ఆ జంతుశాల 1863లో పీపుల్సు పార్కునకు తరలినపుడు, చచ్చిన కాలేజీ నుండి బ్రతికిన కాలేజీ వేరుపడెను. పండితుల బడిని జనులు మరచిరి, పేరును మాత్రము మరువలేదు.

పొంగలి పండుగ నాలుగవ దినమును తమిళులు కాణుం పొంగల్ అందురు. కాణుట యనగా చూచుట. ఆ దినమున సముద్రతీరమును, ఈ రెండు కాలేజీలును ఇసుక వేసిన రాలనంత జనముతో నిండెడివి. ఎవరి కులమేమని ఆ గుంపులో అడుగుట కెవ్వరికిని వీలులేదు. పులి యెదుట అందరు నొక్కటే.

ఆ పులుల కథయు విషాదముగ ముగిసెను. 1942 ఏప్రిలులో జపానువారు పట్టణముపై బాంబులు వేయుదురను భయమున జనులు ఊరు విడిచి పరుగెత్తిరి. బోనులు పగిలినచో ప్రమాదమని జంతుశాలలోని క్రూరమృగములను పోలీసులచేత కాల్పించి చంపించిరి. యుద్ధము తరువాత జంతుశాల మరల నిండినది. 1985లో వండలూరు అడవికి తరలిపోయినది. అదే సంవత్సరము మే నెలలో మూరు మార్కెట్టు కాలిపోయెను. సెంట్రలు చుట్టును నడచి చూచు యాత్రకు ఆ యేడాదితో కాలము చెల్లినది.

ఎగ్మూరు ప్రదర్శనశాలలో తెలుగువారు తప్పక చూడవలసినది అమరావతి శిల్పముల గది. 1845లో గుంటూరు ప్రాంతమున ఉద్యోగియైన వాల్టరు ఎలియట్టు దొర స్తూపమును త్రవ్వించి ఆ పాలరాళ్లను చెన్నపట్టణమునకు పంపెను. అవి అచట ఎండకు వానకు కొన్నాళ్లు పడియుండి, 1859లో చాల భాగము లండనుకు ఓడ యెక్కినవి. వెనుకటి త్రవ్వకములలో దొరకినవి చెన్నపట్టణమున నిలిచినవి. కృష్ణ యొడ్డువాడు ఇంతదూరము పోయి తన ఊరి రాతిని చూచి, ఇది మాదేనా యని ఆశ్చర్యపడుట మేము కన్నులార చూచినదే. ఆ ఆశ్చర్యములో కొంత కోపమును ఉండుట న్యాయమే.

ఇంత చూచిన మీదట ఆకలి కాకుండునా? చూచుటలో కలిసిన జనము తినుటలో విడిపోయెడిది. మా పెద్దలు పట్టణమునకు బయలుదేరునపుడు అటుకులు, మినపసున్ని, పులిహోర మూటగట్టుకొని పోయెడివారు. ఆ మూట రెండు దినములకు చాలవలెను. మూట తరిగిపోవుటయే వారి తిరుగు ప్రయాణపు ముహూర్తము. పొదుపు ఒక కారణమే గాని, పరుల చేతి వంట ముట్టరాదనుట పెద్ద కారణము. ఆ పట్టింపును నీళ్లు కార్చినది కాఫీ. కాఫీహోటలు పుట్టిన తరువాత ఆచారవంతుడును అందు అడుగిడెను గాని, ఆచారమును గుమ్మముకడ కాపలా పెట్టి మరి యడుగిడెను. బ్రాహ్మణ హోటలను పలక వ్రేలాడెడిది. వండువాడు బ్రాహ్మణుడని యొక యర్థము. తిను చోటు బ్రాహ్మణులకు వేరను రెండవ యర్థమును చాలచోట్ల ఉండెడిది. ఇతరులు వేరు గదిలోనో వెలుపలి బల్లపైనో త్రాగిపోవలెను. హరిజనులకు ఆ వెలుపలి బల్లయు లేదు. మాంసాహారము దొరకు చోటునకు మిలిటరీ హోటలని పేరు. అచట ఈ విచారణ కొంత తక్కువ.

రైలుస్టేషను భోజనశాలలలోను ఇదే విభజన. టిక్కెట్టు వెల యొక్కటే, బండి యొక్కటే, విస్తరి మాత్రము వేరు. పెరియారు రామస్వామిగారి పక్షమువారు చేసిన ఉద్యమముతో 1941లో స్టేషనులలోని ఆ అడ్డుగోడ తొలగెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 15వ అధికరణము రెండవ ఖండము అంగళ్లలోను, భోజనశాలలలోను, హోటళ్లలోను, వినోదస్థలములలోను మత కుల జాతి లింగ జన్మస్థలములను బట్టి ఎవరినిని అడ్డగింపరాదని శాసించెను. దేశమునకు మూలశాసనమును వ్రాయు మహనీయులు హోటలు బల్లను గూర్చి ప్రత్యేకముగ ఒక వాక్యము వ్రాయవలసి వచ్చినదనిన, ఆ బల్ల యొద్ద ఎన్నియో తరములు ఎంత అవమానమును దిగమ్రింగినవో తెలియవలెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. అయినను పలకలు వెంటనే దిగలేదు. 1957లో తిరువల్లిక్కేణిలో ఒక హోటలు పేరునుండి బ్రాహ్మణ శబ్దమును తీసివేయవలెనని నెలల తరబడి జనులు జైళ్లకు పోయిరి. ఒక పలకపై ఒక్క మాటకు ఇంత రగడ యేలయని ఆనాడు విసుగుకొన్నవారు కలరు. ఆ మాట చదివి గుమ్మమునుండి వెనుదిరిగిన బాటసారిని వారెరుగరు.

చట్టమొకవైపు పనిచేయుచుండగా, రుచి యింకొకవైపు పనిచేసినది. ఉడిపి ప్రాంతమునుండి వచ్చి వంటయింటి పనులతో బ్రతుకు మొదలు పెట్టిన కృష్ణారావుగారు 1938లో రాయపేటలో ఉడ్లాండ్సు హోటలును స్థాపించిరి. విడిదియు భోజనమును ఒకేచోట మర్యాదగ దొరకుట మధ్యతరగతి కుటుంబములకు అపూర్వము. బల్లయొద్దకు కోరినవారికి కోరిన ఫలహారము వచ్చుచుండగా, పక్కబల్లవారి గోత్రము విచారించుటకు తీరిక యుండదు. 1951లో మౌంటు రోడ్డున బుహారీ హోటలు తెరచిరి. చికెన్ 65 యను వంటకము 1965లో తమ వంటయింటనే పుట్టినదని వారు చెప్పుకొందురు. 1962లో కృష్ణారావుగారి సంస్థ జెమినీ కూడలి చెంత చెట్లనీడలో డ్రైవిన్ హోటలు పెట్టెను. కారులోనే కూర్చుండి తినవచ్చును, కారు లేనివారు లోపల తినవచ్చును. మన తెలుగు చిత్రపరిశ్రమవారు ఎందరో అచటి కాఫీ త్రాగినవారే. 2008లో అది మూతపడెను. ఆ స్థలమున 2010లో సెమ్మొళి ఉద్యానవనము వెలసినది.

ఈ నడుమ మన ప్రయాణముల ప్రయోజనమును మారెను. 1953 అక్టోబరు 1వ తేదీవరకు చెన్నపట్టణము కోస్తా, రాయలసీమ జిల్లాలకు రాజధాని. వ్యాజ్యమునకో, వైద్యమునకో, కాలేజీ చదువునకో, ఉద్యోగపు సిఫారసునకో పోయి, పని ముగిసిన పూట వింతలు చూచెడివారు. వినోదము ఎప్పుడును పనికి తోక. 1952 డిసెంబరు 15న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణము విడిచిరి. అన్నము దొరకదను భయముతో మూట కట్టుకొని పోయిన పట్టణముననే మన నెల్లూరు మనుష్యుడొకడు 58 దినములు అన్నము ముట్టక కన్నుమూసెను. తరువాత కోర్టు గుంటూరునకు, పిదప హైదరాబాదునకు పోయెను. పని లేకయే పట్టణమునకు పోవుట మనకు అప్పుడు అలవాటయ్యెను. సినిమా స్టూడియోలు, మెరీనా, పట్టుచీరలు, హోటలు భోజనము. 1930 నుండియే కార్పొరేషనువారు మెరీనా యిసుకపై లౌడుస్పీకరులు పెట్టి రేడియో వినిపించెడివారు. రేడియో కొనలేని సంసారములు సముద్రపు గాలితోపాటు సంగీతమును విని వచ్చెడివి.

ఇపుడు చెన్నపట్టణము పోదలచినవారికి మా సూచన యేమనగా, ఉదయమున ఎగ్మూరు ప్రదర్శనశాలలో అమరావతి శిల్పములు చూచి, ఎండ తగ్గిన పిమ్మట తీరమునకు పొండు. నుంగంబాకము వైపు పోవుచో కాలేజీ రోడ్డను పలక కనబడును. చచ్చిన కాలేజీకి పేరిచ్చిన బడి ఆ వీధిలోనిదే. రాత్రి భోజన మెచటనైనను సరియే, మీరెవరని అడుగరు. ఒక్క జాగ్రత్త మాత్రము కావలెను. ప్రదర్శనశాలకు శుక్రవారము సెలవు. గురువారము రాత్రి రైలెక్కువారు ఆ సంగతిని ముందుగ చూచుకొందురు గాక.